ఆఖరి తీగ

పరశురాం సంచిలో రెండు చొక్కాలు పెట్టాడు. సౌభాగ్య ఒకటి బయటికి తీసింది.

అతను తువ్వాలు పెట్టాడు. ఆమె దాన్నీ తీసి, దులిపి, దండెం మీద ఆరేసింది.

"వదినె, ఏందిది? చిన్నపిల్లల ఆటనా?"

"తడిగున్నది. మడతపెడితే వాసనొస్తది."

"నిన్న పొద్దున ఉతికిన తువ్వాల. ఇంకా తడిగున్నదా?"

"ముసురు పట్టింది, కనిపిస్తలేదా?"

పరశురాం చొక్కా, తువ్వాలు రెండూ మళ్లీ తెచ్చి సంచిలో కుక్కాడు. కిటికీ దగ్గర, మంచం కింద, గూట్లో దేనికోసమో వెతికాడు.

"నా అద్దాలేవి?"

"నాకేం ఎరుక? నీ అద్దాలు నేను పెట్టుకుంటున్ననా?"

అద్దాలు బియ్యం డబ్బాలో ఉన్నాయి. పొద్దున అతను స్నానానికి పోగానే తానే దాచిపెట్టింది. అద్దాలు లేనిదే రైలు డబ్బా మీద అంకె కనిపించదు, అంకె కనిపించనివాడు బండెక్కడు అని లెక్క వేసుకుంది. తన మరిదికి అరవై దాటాయనీ, అడిగితే స్టేషన్లో ఎవరైనా చెబుతారనీ ఆమెకు తట్టలేదు. తట్టినా దాచి ఉండేదే.

నిన్న అన్నాల దగ్గర మొదలైన మాట ఇంకా ఇంట్లోంచి పోలేదు. శనివారం అబిడ్స్‌లోని వాద్యాల మరమ్మతు దుకాణం తాళాలు యజమానికి అప్పజెబుతున్నానని రామచందర్ చారు పోసుకుంటూ చెప్పాడు. తల్లిని అడగలేదు. దుకాణంలో బతుకంతా గడిపిన చిన్నాయనను అంతకన్నా అడగలేదు.

"ఇగ సాలు కాకా. నెల నెలా కిరాయి నేను కట్టుడు, నువ్వు పోయి తాళం తీసి కూసునుడు. ఎవ్వలొస్తున్నరు?"

"వచ్చేటోడు వస్తడు."

"అదే తాత తీరు! ఆఖరి తీగ సొంతదారు ముంగటనే కట్టాలె అని కూసుంటే ఈ కాలంల దుకాణం నడుస్తదా? ఇంటర్నెట్ల నొక్కితే గిటారు ఇంటికొస్తున్నది."

పరశురాం ముద్ద వదిలేశాడు. తినే కంచంలోనే చేయి కడిగి లేచాడు. అప్పటినుంచి అతని ఏర్పాటంతా పోవడానికే. మధ్యాహ్నం ముంబై బండెక్కి సోలాపూర్‌లో దిగుతాడట. అక్కడి నుంచి బస్సులో మిరాజ్. వయసులో ఉన్నప్పుడు పని నేర్చుకున్న కార్ఖానాలో గురువు కొడుకులున్నారు, ఒక మూల చాప వేసుకోనివ్వరా అంటాడు.

"దుకాణం లేనప్పుడు ఈ ఇంట్ల నేనెందుకు వదినె? పెళ్లా, పిల్లలా? గోడకు మేకు కొట్టాల్నంటే మాత్రం కాకా కావాలె."

"నేనున్న గద."

"నువ్వున్నవు," అన్నాడు పరశురాం మెత్తగా. ఆ మెత్తదనానికే ఆమెకు భయం వేసింది. అరిచేవాళ్లు రెండు రోజులకు తిరిగొస్తారు. మెత్తగా చెప్పి పోయేవాళ్ల సంగతి ఆమెకు తెలుసు.

ఈ గదిలోనే, ఈ మంచం మీదనే ఒకప్పుడు ఇంకో సంచి సర్దింది. అది 1984 ఆషాఢం. అప్పుడూ ఇట్లాగే ముసురు. వెళ్లేది నర్మద, తన ఆడబిడ్డ, ఈ పరశురాంకు అక్క. దిల్‌రుబా వాద్యం తీగల మీద కమాను ఆనించిందంటే వీధిలో పోయే వాళ్లు ఆగేవారు. ఊరందరి వాద్యాలూ బాగుచేసే మామగారు ప్రహ్లాద్‌జీకి, తన బిడ్డ నలుగురి ముందు కూర్చుని వాయించడం మాత్రం సమ్మతం కాలేదు. పెద్ద గొడవైంది. సోలాపూర్‌లో ఒక సంగీతం పార్టీ పిలిచిందని నర్మద పోతానంది. ఆపడం చేతకాక సౌభాగ్య సంచి సర్దింది. అన్నిటికన్నా పైన తన చిలకపచ్చ గద్వాల పట్టుచీర పెట్టింది. దాని కొంగుకు కుచ్చులు తానే వేసుకుంది. వంగపండు రంగు పట్టుపోగు, ముడిముడికీ లోపల ఒక తెల్లపూస. ఆ ముడి తన తల్లి నేర్పింది. ఈ ఊళ్లో ఇంకెవరూ వేయగా ఆమె చూడలేదు.

"ఇంత మంచి చీర నాకెందుకు వదినె?"

"బతుకమ్మకు కట్టుకొని రా. ఆడబిడ్డ లేకుండ బతుకమ్మ ఎట్ల ఆడుత?"

"దిల్‌రుబా నాయిన దగ్గర మరమ్మతుకున్నది. తయారుగాంగనే వస్త."

నాంపల్లి స్టేషన్ దాకా తానే సాగనంపింది. ఏడాది తిరిగినా జాడ లేకపోతే భర్త అమరేశ్వర్‌ను పోరుపెట్టి సోలాపూర్ పంపింది. ఆ పార్టీ ఎప్పుడో చెదిరిపోయిందట, ఎవరికీ ఏమీ తెలియదట అని తిరిగొచ్చి చెప్పాడాయన. తరువాత ఆ ఇంట్లో నర్మద పేరెత్తడం మెల్లగా మానేశారు. సౌభాగ్య మాత్రం ఆనాటినుంచి ఎవరి సంచీ తన చేత్తో సర్దలేదు.

పరశురాం సంచి మూతి బిగించి లేస్తుండగా ఫోన్ మోగింది. మనవరాలు హాసిని. పొద్దున తండ్రితో కలిసి దుకాణానికి పోయింది.

"నానమ్మా, జల్ది రా. చిన్న తాతను కూడా తోల్కరా. పాత సామాన్లాయన అల్మారా కొంటనని వచ్చిండు. హమాలీలు దాన్ని జరిపిన్రు. ఎనక తలుపున్నది!"

"ఏం తలుపే?"

"ఏమో! తాళం గిట్ల లేదు, గొళ్లెం పెట్టున్నది. లోపట మెట్లున్నయి. డాడీ నువ్వొచ్చేదాక ఎవ్వల్నీ ఎక్కద్దన్నడు. నేనైతే ఎక్కిన. నానమ్మా..." ఆ పిల్ల గొంతు సన్నబడింది. "నాకు ఏం చెప్పాల్నో తెలుస్తలేదు."

సౌభాగ్య బియ్యం డబ్బాలో చేయి పెట్టి అద్దాలు తీసి, కొంగుతో తుడిచి మరిదికి ఇచ్చింది.

"బియ్యంల పెట్టినవా?" అన్నాడు పరశురాం.

"బియ్యంల ఉంటే పాడుగావు. పా, ఆటో పిలువు."

అతను సంచి వదల్లేదు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. స్టేషన్ ముందు వాన నీళ్లకు ఆటోలన్నీ నిలిచిపోయాయి. లోపలినుంచి బండి కూత వినిపించింది. సౌభాగ్య అతనికి తెలియకుండా సంచి పట్టీని రెండు వేళ్లకు చుట్టుకుంది. ఆటో మళ్లీ కదిలి, అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటి సందు మలుపు తిరిగేదాకా విడవలేదు.

* * *

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె దుకాణం గడప ఎన్నిసార్లు తొక్కిందో వేళ్ల మీద చెప్పొచ్చు. మామగారి కాలంలో ఇంటి ఆడవాళ్లు అక్కడికి పోయేవారు కాదు. ఆయన పోయాక ఎందుకు పోవాలో తెలియలేదు.

దుకాణం సగం ఖాళీ అయింది. నడిమధ్యన తన టేకు అల్మారా అడ్డదిడ్డంగా నిలబడి ఉంది. అది ఒకప్పుడు తన పడకగదిలో ఉండేది. తలుపు లోపలి వైపు తన బొట్టుబిళ్లల మరకలు ఇంకా ఉన్నాయేమో అని ఒక్క క్షణం అనిపించింది. అల్మారా ఉన్నచోట గోడలో పొట్టి తలుపు ఉంది. ముందు కూర్చుని హమాలీలు చాయ్ తాగుతున్నారు. రామచందర్ గుమ్మం బయట ఫోన్‌లో ఎవరికో గట్టిగా ఏదో చెబుతున్నాడు.

"రా నానమ్మా, తల జర వంచు," అని హాసిని చేయి పట్టుకుంది.

చెక్క మెట్లు. సంచి కింది మెట్టు దగ్గర పెట్టి వెనక పరశురాం వస్తున్నాడు. పైమెట్టు ఎక్కి తల ఎత్తిన సౌభాగ్య అక్కడే ఆగిపోయింది.

ఊయలలు అనుకుంది మొదట.

దుకాణం మీద, కప్పు కింద, పొడుగాటి అర్ధ అంతస్తు. ఆ చివరినుంచి ఈ చివరిదాకా దూలాలకు తాళ్లు కట్టి, తెల్లగుడ్డల మూటలు వేలాడుతున్నాయి. కొన్ని మనిషంత పొడుగు. కొన్ని చంకలో పట్టేంత. వీటిని ఎవరో నిద్రపుచ్చి, చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లినట్టుంది. గోడ పైభాగాన ఎర్ర, ఆకుపచ్చ అద్దాల వెంటిలేటరు. దానిలోంచి వాన వెలుతురు మూటల మీద పడుతోంది. దుమ్ము నేల మీద మెత్తగా పరుచుకుని ఉంది. దానిలో హాసిని పాదాల గుర్తులు తప్ప ఏ గుర్తూ లేదు.

"అమ్మో," అంది సౌభాగ్య.

గొంతులోంచి వచ్చింది ఆ ఒక్క మాటే. దానికి గది జవాబిచ్చింది. ఎక్కడో ఒక మూట లోపల, పాలు పొంగే ముందు గిన్నె అంచున వచ్చేంత సన్నటి చప్పుడు. ఇంకొక మూటలోకి పాకింది. ఆగింది.

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను కూడా గట్లనే దడుసుకున్న," అని హాసిని గుసగుసలాడింది. "మనం మాట్లాడితే ఇయ్యి పలుకుతున్నయి."

"తరఫ్ తీగలు," అన్నాడు పరశురాం. "వాయించే తీగల కింద ఉంటయి. వాటిని ఎవ్వరు ముట్టరు. పక్కన ఏ సప్పుడైనా వాటి పాటికి అవే..." అంటూ చెప్పులు విడిచాడు. వదినె కూడా విడిచిందో లేదో చూసి, ముందుకు నడిచాడు.

మొదటి మూట విప్పాడు. గుడ్డ చూసి సౌభాగ్యకు ఇంకో ఆశ్చర్యం. అది తన అత్తగారి పాత నేత చీర. ఆ పక్కది తన భర్త ధోవతి, ఆ పక్కది తానే కట్టి కట్టి చిరిగిందని పక్కన పడేసిన బూడిద రంగు చీర. ఏటా మామగారు ఇంట్లో పాతగుడ్డలన్నీ మూటగట్టుకుని పోయేవాడు. దుకాణంలో తుడుచుకోవడానికేమో అనుకునేవారు.

లోపల సితార్. సొరకాయ బుర్ర మీద ఏనుగు దంతం రంగు లతలు. పరశురాం వేలితో బుర్రను రెండుచోట్ల తట్టి, చెవి పెట్టి విన్నాడు.

"గౌలిగూడ మాస్టర్‌ది. రైల్వేల గార్డు చేసేటోడు. బండి మీదకెంచి దిగి, గా టోపీ తోనే మన దుకాణంకొచ్చేటోడు." రెండో మూట విప్పాడు. "సారంగి. ఇది... అఫ్జల్‌గంజ్‌ల ఉండె ముసలాయనది. మనుమడు ఎత్తేస్తే పగిలింది. పగిలిన జాగ నేనే అతికిన, సూడు." వేలితో తడిమాడు. అతుకు కనిపించలేదు. "సుల్తాన్ బజార్ పాటల టీచరమ్మ తంబూర. ఏందిది, ఇది కూడా ఉన్నదా?"

మూట వెనక మూట. సితార్లు, సారంగీలు, తంబూరాలు, గోడకు ఆనించి కాళ్లతో తొక్కి వాయించే పెద్ద హార్మోనియం, చేతి హార్మోనియాలు, ఒక మాండొలిన్, పెళ్లి ఊరేగింపుల్లో వాయించే బుల్‌బుల్ తరంగ్, ఒక చెక్కపెట్టెలో గడ్డి పరిచి ఒకదానిలో ఒకటి సర్దిన జలతరంగం పింగాణీ గిన్నెలు. హాసిని ఒక్కొక్క గుడ్డ తీసి మడతపెడుతోంది. ఫోన్ కిటికీ గూట్లో పెట్టేసింది. దాన్ని వదలని పిల్ల ఇంతసేపు వదలడం సౌభాగ్య ఇదే చూడటం.

"తాతా, ఇయ్యన్నీ నీకు ఎరుక లేదా?"

"ఈ అటక ఎరుకే, అప్పుడు ఉత్త కట్టెలుండె. నేను మిరాజ్ పోయేనాడు ఇయ్యి కిందనే ఉండె బిడ్డా, గోడలకు. తిరిగొచ్చేసరికి లెవ్వు, తలుపుకు అల్మారా అడ్డమున్నది. ఏమైనయని అడిగిన. నాయిన ఏమన్నడు?" పరశురాం వదినె వైపు తిరిగాడు. "అందరొచ్చి తీస్కపోయిన్రు అన్నడు. ఒక్కరు కూడ బాకీ లేకుండ తీస్కపోయిన్రు అన్నడు. నేను ఎంత ఖుషీ అయిన్నో."

* * *

కింద మెట్లు కిర్రుమన్నాయి. రామచందర్, వెనక ఆకాష్ వచ్చారు. ఆకాష్ పాత సామాన్లు కొని పెద్ద హోటళ్లకు అమ్ముతాడు. టేకు అల్మారా కోసం వచ్చిన కుర్రాడు, మెట్లెక్కగానే కళ్లు పెద్దవి చేశాడు.

"ఏం జాగ భయ్యా ఇది! చెప్పలేదేంది?"

"నాకే ఎరుక లేదు," అన్నాడు రామచందర్. అతనూ నోరు తెరిచే చూస్తున్నాడు. అంతలోనే తేరుకుని తల్లి పక్కకొచ్చి నిలబడ్డాడు. "అమ్మా, మెట్లెందుకెక్కినవు? మోకాళ్లు నొస్తున్నయని నిన్ననే గద అన్నవు?"

"ఇయ్యాల నొస్తలెవ్వు."

ఆకాష్ ఒక్కొక్కదాన్నీ దగ్గరికి పోయి చూశాడు. అతని ముఖంలో వెలుగు కొంచెం కొంచెంగా తగ్గింది. "భయ్యా, అన్నిట్ల లోపమున్నది. దీనికి ఒక తీగ తక్కువ. దీనికీ. గీ హార్మోనియంకు ఒక మెట్టు లేదు, పన్ను ఊడినట్టు. గా పక్క దానికి కూడ. ఇది వాయించనీకె రాదు. లాబీల అలంకారానికి పెట్టుకోవచ్చు. లోపల లైటు పెడితే బుర్రలు మంచిగ మెరుస్తయి."

"లైటా?" అన్నాడు పరశురాం.

"చిన్న బల్బు పెద్దాయనా. బుర్రకు రంధ్రం కొట్టి..."

"రంధ్రం కొట్టి." పరశురాం ఆ మాటను నమిలాడు. "నీ తలకాయ కూడా గుండ్రంగనే ఉన్నది కొడుకా. గాడ కూడ పెట్టొచ్చు బల్బు."

హాసిని పక్కకు తిరిగి నవ్వు ఆపుకుంది. ఆకాష్ కూడా నవ్వేశాడు. "కోపానికి రాకు పెద్దాయనా. మరి తీగలు ఎందుకు లెవ్వు? ఎవరన్న పీక్కపోయిన్రా?"

పరశురాం రామచందర్‌నే చూస్తూ జవాబిచ్చాడు.

"ఎవ్వలు పీకలే. కట్టలే. నిన్న నువ్వు ఎక్కిరిచ్చినవే, తాత తీరు అని, ఇదే రా గది. పని మొత్తం అయిపోయినంక ఆఖరి తీగ ఒక్కటి ఉంచుతడు. సొంతదారు రావాలె. కింద దుకాణంల చాప మీద కూసోని, తన గొంతుల సా అనాలె. ఆ సా మీద తీగ బిగించాలె. నా చెవికి కాదు, ఆయన గొంతుకు కుదరాలె అంటడు నాయిన. హార్మోనియంకు గట్లనే ఆఖరి మెట్టు. తీగ బిగిసినంక సొంతదారు కట్టుబట్టలకెంచి ఒక పోగు తెంపి, తీగ తిప్పే బిరడకు కట్టాలె. నేనొచ్చిన, విన్న, నాది నేను తీస్కపోతున్న అని. గా పోగు లేనిది గడప దాటకపోయేది."

వాన జోరైంది.

"అంటే," అంది హాసిని నెమ్మదిగా, "ఇయ్యి ఖరాబైనయి కావు తాతా. తయారైనయి."

"తయారై ఎదురుచూస్తున్నయి. ఎవ్వలు రాలే. సచ్చిపోయిన్రో, ఊరు ఇడిసిన్రో, కొత్తది కొనుక్కున్రో. అమ్ముకోడానికి నాయినకు చేతులెట్ల వస్తయి? అమానత్. నమ్మి అప్పజెప్పిన సొమ్ము."

రామచందర్ హాసిని చూపించిన సారంగి మీదికి వంగి, చిన్నాయన వేసిన అతుకు వెతికాడు. వేలితో రెండుసార్లు తడిమాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "ఆకాష్ భాయ్, ఇయ్యాలకు ఏం లేదు. నువ్వు పో."

"అల్మారా?"

"అల్మారా కూడా లేదు."

ఆకాష్ మెట్లు దిగాడు. సౌభాగ్య కొడుకు ముఖం చూసింది. చిన్నప్పుడు జ్వరం తగ్గిన పూట ఇట్లాగే ఉండేది. ఇక తన పని సులువనుకుంది. పరశురాం ఇప్పుడెక్కడికి పోతాడు? ఇన్ని ప్రాణాలను వదిలి పోతాడా? సంచి కింది మెట్టు దగ్గరే ఉంటుంది, ఇంటికి పోయి చొక్కాలు తీసి గూట్లో పెడతాను, రాత్రికి పప్పుచారు చేస్తాను.

అప్పుడే పరశురాం వెంటిలేటరు కింద, అన్నిటికీ ఎడంగా వేలాడుతున్న ఒక మూట ముందు నిలబడిపోయాడు. దాన్ని చుట్టింది పాతగుడ్డ కాదు. మామగారి ఉన్ని శాలువా. అది ఏమైందని ఆయన పోయాక ఇల్లంతా వెతికారు.

"వదినె," అన్నాడు. "ఇటు రా."

దిల్‌రుబా. మెడ దగ్గర చెక్కిన చిన్న నెమలి. నెమలి ముక్కు కొంచెం విరిగి ఉంది. నర్మద పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు గడపకు కొట్టి విరిచింది. కమాను పక్కనే కట్టి ఉంది.

సౌభాగ్య దాన్ని తాకలేదు. తాకితే పలుకుతుందని భయం.

"అక్కది," అన్నాడు పరశురాం. బిరడలు ఒకటొకటిగా తడిమాడు. మళ్లీ మొదటినుంచి తడిమాడు. "పూర్తిగున్నది."

"ఏంది?"

"తీగలన్ని ఉన్నయి. ఆఖరిది కూడ."

"మామ కట్టి ఉంటడు. బిడ్డది గద."

"నాయిన? బిడ్డది గాదు, దేవునిదైనా కట్టడు." పరశురాం అద్దాలు సరిచేసుకుని దగ్గరికి వంగాడు. "పోగు కూడా ఉన్నది."

చివరి బిరడకు ఏదో కట్టి ఉంది. దుమ్ము పట్టి బూడిదలా ఉంది. సౌభాగ్య కొంగు చివర నాలుకతో తడిచేసి, పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడిచింది. బూడిద కింద వంగపండు రంగు కనిపించింది. ఇంకొంచెం తుడిచింది. ముడిలో ఒక తెల్లపూస.

ఆమె హాసిని భుజం పట్టుకుంది.

"నానమ్మా! ఏమైంది?"

"ఇది నా ముడి." ఆమె పూస వైపు చూపించింది. "నా చీర కొంగు కుచ్చు. పోయేనాడు నేను సంచిల పెట్టిన చీర. బతుకమ్మకు కట్టుకొని రమ్మన్న."

"అయితే?" అన్నాడు రామచందర్.

"అయితే ఏంది రా? అది సంచిల పెట్టుకొని పోయింది. నా కండ్ల ముందు బండెక్కింది. దిల్‌రుబా అప్పటికే ఈడ ఉన్నది. ఆ చీర కుచ్చు ఈడికి ఎట్లొచ్చె?"

ఎవరూ చెప్పనవసరం లేదు. నర్మద వచ్చింది. ఆ చీర కట్టుకుని వచ్చింది. దుకాణం చాప మీద కూర్చుని సా అంది. కొంగునుంచి కుచ్చు తెంపి తన చేత్తో కట్టింది. కట్టినా, దిల్‌రుబా గడప దాటకుండా ఇక్కడే ఉండిపోయింది.

సౌభాగ్యకు ఏడుపు రాలేదు. నలభై ఏళ్లుగా రాలేదనుకున్న మనిషి వచ్చింది. ఆ ముడి మీద నర్మద వేళ్లు ఆడాయి. సౌభాగ్య వేలు చాపి పూసను ముట్టుకుంది. దిల్‌రుబా లోపల ఎక్కడో సన్నగా జుమ్మంది, పలకరించినట్టు.

"నాయిన ఎందుకు చెప్పలే?" అన్నాడు పరశురాం. ఆ తీగ చుట్టిన చోటునే చూస్తున్నాడు. అంతలో అతని చేయి ఆగింది. ముఖంలో రంగు మారింది. శాలువా తీసి గబగబా కప్పబోయాడు.

"ఏంది పరశూ? దాయకు."

"ఏం లేదు వదినె."

"నేను నీ అద్దాలు దాసిన తీరే ఉన్నది నీ దాసుడు. చెప్పు."

పరశురాం శాలువా మళ్లీ తొలగించాడు. "చుట్లు ఎడమకున్నయి. నాయిన కుడికి చుట్టుతడు, నాకు కూడా గట్లనే నేర్పిండు. ఎడమకు చుట్టేటోడు ఈ దుకాణంల ఒక్కడే. బొటనవేలు తెగినోడు కుడికి చుట్టలేడు."

ఆ బొటనవేలు సౌభాగ్యకు తెలుసు. రంపం కింద పడి సగం పోయిన వేలు. ముప్పై ఏళ్లు ఆ చేతికి అన్నం వడ్డించింది. చివరి రోజుల్లో దవాఖానాలో ఆ వేలు పట్టుకునే కూర్చుంది. అమరేశ్వర్. ఆమె భర్త.

నర్మద ఎదుట కూర్చుని తీగ బిగించినవాడు, సోలాపూర్‌లో ఏ జాడా లేదని చెప్పినవాడు ఒక్కడే.

"ఎప్పుడు?" అన్నాడు రామచందర్. "అమ్మా, అత్తమ్మ వచ్చింది ఎప్పుడైయుంటది?"

ఆమె మెట్ల వైపు చూసింది. కింద, పొట్టి తలుపు అవతల తన అల్మారా కాళ్లు కనిపిస్తున్నాయి.

"ఆ అల్మారా మన ఇంట్లకెంచి పోయిన దినం నీకు యాదికున్నదా? చిన్నోడివి. సద్దుల బతుకమ్మ, పండుగ ఆఖరి దినం. నేను బతుకమ్మ పేరుస్తున్న. మీ నాయిన బండి, ఇద్దరు హమాలీలను తోల్కొని వచ్చిండు. పండుగ పూట ఇదేందని మొత్తుకున్న. దుకాణంల సామాన్ పెట్టాలె, ఇప్పుడే కావాలె అన్నడు. నా బట్టలన్ని మంచం మీద కుప్పబోసి తీస్కపోయిండు. సీకటి పడ్డంక మామ వచ్చిండు. అన్నం తినలే. నేను సద్దులు పెడితే, ఎవ్వలొచ్చిన్రు బతుకమ్మకు అని అడిగిండు. ఆడబిడ్డ లేని ఇంటికి ఎవ్వలొస్తరు మామా అన్న. ముఖం అటు తిప్పుకున్నడు."

పండుగకు వచ్చిన నర్మద గుర్తును దాచడానికే అల్మారా ఆ పూట ఈ తలుపుకు అడ్డం వచ్చింది. తిరిగి ఇవాళే జరిగింది.

రామచందర్ చేతిలో తాళాల గుత్తి చప్పుడైంది. శనివారం ఇవ్వాల్సినవి. అతను దాన్ని జేబులో వేసుకున్నాడు. ఇస్తాడో ఇవ్వడో చెప్పలేదు.

"వదినె," అన్నాడు పరశురాం. "బండికి యాళ్లైతున్నది. పోవద్దంటే పోను. ఈ అమానత్‌ను ఇడిసి నేను కూడ పోను. కానీ సోలాపూర్ దారిలనే ఉన్నది. అన్న నిజంగ పోయిండో లేదో, గాడ అడిగిండో లేదో..."

సౌభాగ్య మెట్లు దిగింది. మోకాళ్లు నొచ్చాయి. కింద సంచి తెరిచింది. హమాలీలు చాయ్ గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. చొక్కాలు సర్ది పెట్టింది. తువ్వాలు నాలుగు మడతలు వేసింది. పైనుంచి హాసిని తెచ్చి ఇచ్చిన శాలువా మూటను నిలువుగా, నెమలి తల పైకి వచ్చేటట్టు, సంచిలో తానే దింపింది. ఇన్నేళ్ల తరువాత ఆమె చేతులు మళ్లీ ఒక సంచి సర్దాయి.

"కుచ్చు ఇప్పకు," అంది. "అడిగినోళ్లకు అదే చూపియ్యి. చిలకపచ్చ చీర అని చెప్పు."

"ఔ."

"అద్దాలు పెట్టుకో."

పరశురాం వానలోకి దిగాడు. రామచందర్ గొడుగు తీసుకుని వెనకే పోయాడు. సౌభాగ్య గడప మీద నిలబడి సందు చివరిదాకా చూసింది. ఈ గడప మీదనే ఆ చీర కొంగు తడిసి ఉంటుంది. ఇక్కడి నుంచి నాంపల్లి ఇల్లు ఎంత దూరమని? నడిచినా వచ్చేది.

నర్మద ఇంటికి రాలేదు. 1985, సద్దుల బతుకమ్మ నాడు.